వైట్‌లిస్ట్ చేసే ముందు: ఏ బ్లాకర్‌లో ఏ తలుపు ఎంతవరకు తెరవాలి

మా మామయ్య ఖమ్మంలో ఉంటారు. రిటైరయ్యాక కరెంటు బిల్లు, ఇంటి పన్ను, రైలు టికెట్లు అన్నీ లాప్‌టాప్‌లోనే చూసుకుంటున్నారు. అందులో ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ పెట్టింది నేనే. ఒకరోజు బిల్లు కట్టే పేజీ దగ్గర చక్రం తిరుగుతూ తిరుగుతూ అలాగే ఉండిపోయింది. పక్కింటి కుర్రాడిని పిలిస్తే, "ఇదుగో అంకుల్, ఈ బ్లాకర్ వల్లే" అని బ్రౌజర్‌కు తగిలించిన ఆ ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నీ ఆపేసి, బిల్లు కట్టించి వెళ్లాడు. ఆ తర్వాత బ్లాకర్ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. నాలుగు నెలలకు నాకు ఫోను. "ఏరా, కంప్యూటర్లో వైరస్ చేరిందట. ఈ నంబరుకి వెంటనే ఫోన్ చేయమంటోంది. చేయనా?" వెనక నుంచి బీప్ బీప్‌మని చప్పుడు వినిపిస్తూనే ఉంది. "చేయకండి మామయ్యా, ముందు బ్రౌజర్ మూసేయండి" అన్నాను. ఆ నంబరుకు చేయకముందే నాకు చేయడం మా అదృష్టం.

కుర్రాడు సాయం చేద్దామనే వచ్చాడు. ఒక్క పేజీకి దారి ఇవ్వాల్సిన చోట ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచాడు, అంతే. ఆ ఒక్క పేజీకి మాత్రమే దారి ఇచ్చే ఏర్పాటు ప్రతి బ్లాకర్‌లోనూ ఉంది. దాన్నే వైట్‌లిస్ట్ అంటున్నాం. ఈమధ్య కొన్ని ఎక్స్‌టెన్షన్లు అలౌలిస్ట్ అంటున్నాయి, యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ 'ట్రస్టెడ్ సైట్స్' అంటుంది. పేర్లు వేరైనా మొదటి మెట్టు ఒకటే. ఆ మెట్టు దాటాక ఒక్కో బ్లాకర్ ఒక్కో రకంగా తలుపు తెరుస్తుంది. కొన్నింటిలో తలుపు పూర్తిగా తీయడం, పూర్తిగా వేయడం తప్ప మరో దారి లేదు. కొన్నింటిలో ఒక్క రెక్క తీయొచ్చు. ఇంకొన్నింటిలో కిటికీలో ఒక్క ఊచ మాత్రమే తీయొచ్చు.

ఎంపిక మొదలుపెట్టే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ సైటును వైట్‌లిస్ట్ చేస్తున్నది మరమ్మతు కోసమా, మద్దతు కోసమా?

మరమ్మతు అంటే సైటు సరిగ్గా పనిచేయట్లేదు. బటన్ నొక్కితే కదలదు, వీడియో రాదు, ఓటీపీ పెట్టె తెరుచుకోదు. అప్పుడు మీకు కావలసింది ఆ చెడిన భాగం బాగుపడటం. ప్రకటనలు కావాలని మీరు కోరుకోలేదు. మద్దతు అంటే ఇంకో సంగతి. ఎవరో ఓపిగ్గా పాత కథలు టైపు చేసి పెడుతున్నారు, ఊళ్ల చరిత్రలు సేకరిస్తున్నారు, సర్వర్ ఖర్చుకు వాళ్లకున్న ఆధారం ఆ పక్కన కనబడే నాలుగు ప్రకటనలే. అక్కడ ప్రకటన కనబడాలన్నదే మీ ఉద్దేశం. ఈ రెంటికీ ఒకే బటన్ నొక్కడం అలవాటైపోయింది కాబట్టి చాలామంది జాబితాల్లో, ఎప్పుడో ఒకసారి మొరాయించిన బ్యాంకు, ఒక్క వార్త కోసం తెరిచిన సైటు, నిజంగా అభిమానించే బ్లాగు అన్నీ ఒకే వరుసలో కూర్చుని ఉంటాయి. మరమ్మతుకు వీలైనంత చిన్న తలుపు తీయాలి. మద్దతుకు తలుపు పూర్తిగా తీయాలి, కానీ ఎవరికి తీస్తున్నామో తెలిసి తీయాలి. నా సలహా అంతా ఈ రెండు మాటల మీదే నిలబడి ఉంటుంది.

"నమ్మకమైన సైటే కదా, మొత్తం తెరిస్తే ఏమవుతుంది" అని అడిగేవాళ్లున్నారు. సైటు నమ్మకమైనదే కావచ్చు, అందులో కనబడే ప్రకటన మాత్రం ఆ సైటువాళ్లు చూసి పెట్టింది కాదు. మీరు పేజీ తెరిచిన క్షణంలో ఎక్కడో వేలం జరిగి, గెలిచినవాడి బొమ్మ వచ్చి కూర్చుంటుంది. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి పెద్ద సైట్లలోకే ఇలా ప్రకటనల దారిన హానికరమైన కోడ్ వచ్చిపడింది. 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, సెర్చ్ ఫలితాల్లో నకిలీ ప్రకటనల మోసాల గురించి హెచ్చరిస్తూ, యాడ్ బ్లాకర్ వాడమని ప్రజలకు సలహా ఇచ్చింది.

ముందు తప్పు ఎవరిదో చూడండి

సైటు పనిచేయనంత మాత్రాన తప్పు బ్లాకర్‌దే అనుకోనక్కర్లేదు. అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. అక్కడా మొరాయిస్తే తప్పు ఈ ఎక్స్‌టెన్షన్‌ది కాదనుకోవచ్చు, అందులో వైట్‌లిస్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు. అక్కడ పనిచేస్తే అప్పుడు బ్లాకర్ వైపు చూడండి. చూసినా ముందు చేయాల్సింది వైట్‌లిస్ట్ కాదు, ఏవి ఆపాలో బ్లాకర్‌కు చెప్పే ఫిల్టర్ జాబితాలను అప్‌డేట్ చేయడం. ఈజీలిస్ట్ లాంటి జాబితాలను చూసుకునే వాలంటీర్లు, ఫలానా సైటు చెడిందని ఫిర్యాదు రాగానే మినహాయింపు వాళ్లే రాసి పెడుతుంటారు. మీ బ్రౌజర్‌లో పాత జాబితా ఉంటే ఆ మరమ్మతు మీదాకా చేరి ఉండదు. మన భాషల సైట్ల కోసం ఇండియన్‌లిస్ట్ అని ఒక ప్రాంతీయ జాబితా ఉంది. తెలుగు కూడా దాని పరిధిలోదే. యాడ్‌బ్లాక్ ప్లస్‌లో భాషల పట్టీలోంచి, యూబ్లాక్ ఆరిజిన్‌లో ప్రాంతాల విభాగంలోంచి దాన్ని ఎంచుకోవచ్చు.

మరో చిక్కు కూడా తరచూ చూస్తుంటాను. రెండు బ్లాకర్లు పెట్టుకుని ఒకదానిలో మాత్రమే వైట్‌లిస్ట్ చేస్తారు. రెండోది యథాప్రకారం అడ్డుకుంటూనే ఉంటుంది. ఫోన్‌లోనో రౌటర్‌లోనో ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ (సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) పెట్టుకున్నవాళ్లకూ ఇదే తంటా. బ్రౌజర్‌లో ఎన్ని తలుపులు తీసినా వీధి మొదట్లో గేటు వేసే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కైతే సొంతంగా ట్రాకర్లను, అంటే మనం ఏయే సైట్లు చూస్తున్నామో గమనించే కోడ్‌ను, ఆపే షీల్డ్ ఉంది, అడ్రస్ బార్ పక్కనే కనబడుతుంది. దానికి వేరే మినహాయింపు ఇవ్వాలి. బ్లాకర్ ఒక్కటి చాలు, రెండు వద్దు.

యూబ్లాక్ ఆరిజిన్: ఎన్నో సైజుల తలుపులు

రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన పని ఇది. 2015 నుంచి యూబ్లాక్ ఆరిజిన్ పేరుతో నడుస్తోంది. ఆరిజిన్ అన్న మాట లేని యూబ్లాక్ వేరే చేతుల్లోకి వెళ్లిపోయింది, కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు పూర్తిగా చదవండి. వైట్‌లిస్ట్ విషయంలో దీనికి సాటి వచ్చేది నేనింకా చూడలేదు. ఉన్న మార్గాలను పెద్ద తలుపు నుంచి చిన్న తలుపుకు చెప్పుకుంటూ వెళ్తాను. వాడేటప్పుడు మాత్రం వెనక నుంచి ముందుకు రండి.

అన్నిటికన్నా పెద్దది, ఐకాన్ నొక్కగానే కనబడే నీలం పవర్ బటన్. నొక్కితే ఆ సైటులో బ్లాకింగ్ మొత్తం ఆగిపోతుంది. ప్రకటనలే కాదు, ట్రాకర్ల జాబితాలు, హానికరమైన సైట్ల జాబితాలు కూడా అక్కడ పనిచేయవు. నొక్కిన వెంటనే శాశ్వతంగా సేవ్ అవుతుంది కూడా. కంట్రోల్ మీట పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి, పేమెంట్ పేజీల దగ్గర మన కొంప ముంచేవి ఇవే. మొదటిది: యూబ్లాక్ చూసేది పైన అడ్రస్ బార్‌లో ఉన్న పేరును. కరెంటు ఆఫీసు సైటులో బిల్లు నంబరు కొట్టి ముందుకు వెళ్తే డబ్బు చేర్చే పేమెంట్ గేట్‌వే వాళ్ల పేజీ వస్తుంది, అక్కడి నుంచి బ్యాంకు ఓటీపీ పేజీ వస్తుంది. ఇవి మూడు వేర్వేరు చిరునామాలు. మొదటిదాన్ని వైట్‌లిస్ట్ చేసి, మూడోచోట ఆగిపోయి, "చేశాం కదా, అయినా రావట్లేదేం" అని తల పట్టుకుంటారు. ఎక్కడ చక్రం తిరుగుతూ ఆగిందో ఆ పేజీ పేరు చూడాలి. రెండోది: పేమెంట్ పేజీల చిరునామాలో ప్రతిసారీ ఓ కొత్త అంకెల తోక ఉంటుంది. ఒక్క పేజీకే అని ఇచ్చిన అనుమతి మళ్లీ నెలకు అక్కరకు రాదు. అలాంటప్పుడు యూబ్లాక్ సెట్టింగుల పేజీ అయిన డ్యాష్‌బోర్డులో ట్రస్టెడ్ సైట్స్ ట్యాబ్ తెరిచి, ఆ పొడుగాటి చిరునామాలో మారని భాగం దాకా ఉంచి, మిగతాది చెరిపి, చివర * పెట్టండి. ఆ దారిలో వచ్చే పేజీలకు మాత్రమే అనుమతి ఉంటుంది.

సబ్‌డొమైన్ల, అంటే అసలు పేరు ముందు ఇంకో మాట చేరిన చిరునామాల, సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. మీరు ఏ పేరు మీద ఉండి బటన్ నొక్కారో ఆ పేరే జాబితాలోకి ఎక్కుతుంది. అసలు డొమైన్ ఒక్కటే రాస్తే దాని కిందివన్నీ అందులోకి వచ్చేస్తాయి. పెద్ద పోర్టల్ అయితే ఇది ప్రమాదం. లాగిన్ పేజీ ఒక్కటి మొరాయిస్తే, వార్తల నుంచి సినిమా గాసిప్పుల దాకా అన్ని విభాగాలకూ తలుపు తీసినట్టవుతుంది.

తర్వాతి మెట్టు, అదే ప్యానెల్లో కింద వరుసగా ఉన్న చిన్న గుర్తులు. పాప్-అప్‌లు, పెద్ద మీడియా ఫైళ్లు, కాస్మెటిక్ ఫిల్టరింగ్, రిమోట్ ఫాంట్లు, జావాస్క్రిప్ట్ అని ఒక్కోదానికి ఒక్కో మీట. పేజీలో బొమ్మలు మాయమైనా, మెనూ కనబడకపోయినా కంటి గుర్తు ఉన్న కాస్మెటిక్ ఫిల్టరింగ్ మీటను ఆ సైటుకు ఆపి చూడండి. దాంతో ఆగేది పేజీలోని భాగాల్ని దాచడం మాత్రమే, ప్రకటనల సర్వర్లు వైర్ అవతలే ఆగి ఉంటాయి. తెలుగు సైట్లు చదివేవాళ్లు ఫాంట్ల మీటను కూడా గుర్తుపెట్టుకోండి. ఎప్పుడో ఎవరో దాన్ని మార్చి వదిలేస్తే, అందమైన తెలుగు ఫాంటు పోయి కంప్యూటర్లో ఉన్న మామూలు ఫాంటు వస్తుంది, ఐకాన్లన్నీ డబ్బాల్లా కనబడతాయి. ఈ మార్పులు పవర్ బటన్‌లా కాదు, తాళం గుర్తు నొక్కితేనే శాశ్వతమవుతాయి. పరీక్షించి చూడటానికి ఇదే మంచిది. పని జరక్కపోతే వదిలేయండి, ఆనవాలు మిగలదు.

మూడోది, నాకు ప్రాణమైనది, లాగర్. పేజీ ఏయే సర్వర్లను ఏమేం అడుగుతోందో, అంటే ఒక్కో రిక్వెస్టునూ, వరుసగా చూపించేది. దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. నేను రోజూ చదివే ఒక తెలుగు పత్రిక సైటులో, వీడియో ఉండాల్సిన చోట నల్ల పెట్టె కనబడుతోంది. పవర్ బటన్ నొక్కి చూశాను, వీడియో వచ్చింది, దాంతో పాటే తెర అడుగు నుంచి లేచే ప్రకటనలు, పక్క నుంచి దూకే ప్రకటనలు అన్నీ వచ్చాయి. వెంటనే బటన్ మళ్లీ వేశాను. లాగర్ తెరిచి పేజీని రీలోడ్ చేశాను. వరసలు జలజలా కిందికి దిగాయి. ఎర్రగా ఉన్నవి అడ్డుకున్నవి. లెక్కపెడితే 41. ఒక్కోదాని చిరునామా చదువుకుంటూ వెళ్లాను. ప్రకటనల కంపెనీలు, లెక్కలు కట్టే ట్రాకర్లు, మళ్లీ ప్రకటనలు. ఇరవైయ్యో వరుస దాటాక ఒక చిరునామాలో ప్లేయర్ అన్న మాట కనబడింది, రకం స్క్రిప్ట్, అంటే పేజీలో నడిచే కోడ్. దాని మీద నొక్కితే వివరాల పెట్టె వచ్చింది. అందులో స్టాటిక్ ఫిల్టర్ ట్యాబ్‌లో ఒక వాక్యం ఉంటుంది: ఈ రకం రిక్వెస్టును, ఈ చిరునామాకు, ఈ సైటు నుంచి వెళ్తే, ఆపు లేదా అనుమతించు అని. అనుమతించు అని ఎంచి, ఈ సైటు నుంచి మాత్రమే అన్న షరతు ఉంచి, క్రియేట్ నొక్కాను. రీలోడ్. వీడియో ఆడింది. మిగతా 40 వరసలూ ఎర్రగానే ఉన్నాయి.

ఆ పెట్టె రాసిన నియమాన్ని 'మై ఫిల్టర్స్' ట్యాబ్‌లో చూడొచ్చు. @@|| తో మొదలై, సర్వర్ పేరు, ^ గుర్తు, $ తర్వాత స్క్రిప్ట్ అన్న మాట, కామా, డొమైన్ షరతు ఉంటాయి. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. రెండు @ గుర్తులు ఉంటే అది మినహాయింపు అని గుర్తు. చివరి డొమైన్ షరతును ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. అది లేకపోతే ఆ సర్వర్‌కు ఈ ఒక్క సైటులో కాకుండా వెబ్‌లో ఎక్కడ ఎదురైనా దారి ఇచ్చినట్టే. ఎక్కడో చూసి కాపీ చేసుకొచ్చిన మినహాయింపుల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఒక గేమ్ సైటు కోసమని పెద్ద ప్రకటనల సర్వర్‌ను మొత్తంగా వదిలేస్తారు, ఆ రోజు నుంచి అన్ని సైట్లలోనూ ఆ ప్రకటనలు కనబడుతుంటే బ్లాకర్ పాడైందనుకుంటారు. దాచిన భాగాన్ని తిరిగి చూపించడానికి ఇంకో రూపం ఉంది: సైటు పేరు, #@#, ఆ భాగం పేరు. మీరు సరిగ్గా రాసినా మినహాయింపు పనిచేయకపోతే, అడ్డుకుంటున్న నియమంలో ఇంపార్టెంట్ అన్న గుర్తు ఉందేమో లాగర్‌లో చూడండి. దాని ముందు మామూలు మినహాయింపు చెల్లదు.

ఇవి కాక డైనమిక్ ఫిల్టరింగ్ ఉంది. నేను అడ్వాన్స్‌డ్ యూజర్‌ని అని సెట్టింగుల్లో టిక్ పెడితేనే తెరుచుకుంటుంది. మూడో పక్షం సర్వర్లన్నిటినీ, అంటే చూస్తున్న సైటువి కానివాటిని, ముందే ఆపేసి, సైటు సైటుకూ కావలసినవి విడిచిపెట్టుకునేవాళ్ల కోసం. అందులో బూడిద రంగుకూ ఆకుపచ్చకూ తేడా తెలియాలి. బూడిద రంగు అంటే మీరు పెట్టిన అడ్డు మాత్రమే తొలగుతుంది, ఫిల్టర్ జాబితాల కాపలా కొనసాగుతుంది. ఆకుపచ్చ అంటే జాబితాలనూ పక్కకు నెట్టేస్తుంది. అవసరం చాలావరకు బూడిద రంగుతోనే తీరుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్లో మాత్రం ఈ విభాగం తెరవకండి.

క్రోమ్ వాడేవాళ్లకు

పైన చెప్పినదంతా ఫైర్‌ఫాక్స్‌లో ఈరోజుకీ పూర్తిగా దొరుకుతుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా. క్రోమ్ మాత్రం ఎక్స్‌టెన్షన్లకు మానిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతికి మారి, 2025కల్లా పాత యూబ్లాక్ ఆరిజిన్‌ను పూర్తిగా ఆపేసింది. దాని బదులు అదే రచయిత చేసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ప్రతి రిక్వెస్టునూ తాను ఆపి చూసి తీర్పు చెప్పదు. నియమాల చిట్టా బ్రౌజర్‌కు ముందే ఇస్తుంది, ఆపడం బ్రౌజర్ పని.

లైట్‌లో తలుపులు సన్నబడ్డాయి గానీ పద్ధతి తేలికగా ఉంది. సైటు సైటుకూ జరిపే ఒక మీట ఉంటుంది, నాలుగు స్థాయులు: ఫిల్టరింగ్ లేదు, బేసిక్, ఆప్టిమల్, కంప్లీట్. వైట్‌లిస్ట్ అంటే ఫిల్టరింగ్ లేని స్థాయి. చాలామంది సైటు మొరాయించగానే నేరుగా అక్కడికి దిగిపోతారు. ఒక్క మెట్టు పైన ఆగండి. బేసిక్‌లో రిక్వెస్టులు ఆపడం మాత్రమే జరుగుతుంది, పేజీ లోపలికి వెళ్లి భాగాలు దాచడం, స్క్రిప్టులతో సర్దుబాట్లు చేయడం ఉండవు. పేజీ చెడటానికి ఆ సర్దుబాట్లే కారణమైతే బేసిక్‌తోనే పని అయిపోతుంది, ప్రకటనల సర్వర్లు ఆగే ఉంటాయి. ఇంతకన్నా సన్నటి పని, అంటే ఒక సర్వర్‌కు ఒక సైటులో మాత్రమే అనుమతి లాంటివి, తరచూ చేసేవాళ్లయితే ఫైర్‌ఫాక్స్‌కు మారిపోండి. క్రోమ్‌నే పట్టుకుని వేలాడాల్సిన అవసరం నాకైతే కనబడలేదు.

యాడ్‌బ్లాక్ ప్లస్: మీ తరఫున ఇంకొకరు రాసిన జాబితా

యాడ్‌బ్లాక్ ప్లస్‌లో వైట్‌లిస్ట్ చేయడం అందరికీ అర్థమవుతుంది. ఐకాన్ నొక్కితే ఈ వెబ్‌సైటు, ఈ పేజీ అని రెండు మీటలు. సెట్టింగుల్లో మీ జాబితా కనబడుతుంది, అక్కడి నుంచి చేర్చొచ్చు, తీసేయొచ్చు. సొంత నియమాలు రాసుకునే చోటు కూడా ఉంది, @@ భాష అక్కడా అదే.

అయితే మీ జాబితా కాక దీనిలో ఇంకో జాబితా ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచే ఆన్‌లో ఉంటుంది. అది యాక్సెప్టబుల్ యాడ్స్. జర్మనీలోని కొలోన్‌లో ఉన్న ఐయో కంపెనీ 2011 డిసెంబరులో తెచ్చింది. ఇబ్బంది పెట్టని ప్రకటనలను వదిలేయాలన్నది ఆలోచన. నియమాలున్నాయి: చదువుతున్న దానికి ప్రకటన అడ్డం రాకూడదు, ప్రకటన అని స్పష్టంగా రాసి ఉండాలి, పేజీ తెరవగానే కనబడే భాగంలో ప్రకటనలన్నీ కలిసి 15 శాతానికి, కిందికి జరిపాక 25 శాతానికి మించకూడదు. చిన్న సైట్లకు ఉచితం. ఈ మినహాయింపు వల్ల నెలకు కోటికి పైగా అదనపు ప్రదర్శనలు దక్కే పెద్ద సంస్థలు, ఆ అదనపు ఆదాయంలో 30 శాతం రుసుముగా కట్టాలి. 2017 నుంచి నియమాలను ఒక కమిటీ చూస్తోంది. జర్మనీలో యాక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ దీని మీద కోర్టుకెళ్లింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఐయో పక్షానే తీర్పిచ్చింది.

ఆ కేసులో కోర్టు ఒప్పుకుంది. మరి మనం ఒప్పుకోవాలా? నా మటుకు నేను ఆఫ్ చేసుకుంటాను. మద్దతు అనేది నేను ఎంచుకుని ఇచ్చేది. నాకు ఇష్టమైన చిన్న తెలుగు సైటు ఆ జాబితాలో ఉందో లేదో నాకు తెలియదు, పెద్ద సెర్చ్ కంపెనీ ప్రకటనలు మాత్రం అందులోంచి వస్తాయి. పైగా ప్రకటన మర్యాదగా కనబడటం వేరు, అది మనల్ని వెంబడించకపోవడం వేరు. ట్రాకింగ్ లేని ప్రకటనలు మాత్రమే అని రెండో టిక్ పెట్టుకునే వీలుంది గానీ అది ముందే పెట్టి ఉండదు, మీరే వెతికి పెట్టుకోవాలి. ఇంకొకరు దీన్నే సరైన రాజీ అనుకోవచ్చు. సైటు సైటుకూ ఆలోచించే ఓపిక లేదు, ప్రకటనల మీద బతికేవాళ్లను పూర్తిగా ఎండగట్టడమూ ఇష్టం లేదు అనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది, కాదనను. తెలిసి ఆన్‌లో ఉంచుకోండి, అంతే.

యాడ్‌బ్లాక్ అని మరొకటి ఉంది, పేరులో ప్లస్ లేనిది. 2021లో అదీ ఐయో చేతికే వచ్చింది, యాక్సెప్టబుల్ యాడ్స్ అందులోనూ ఉంది. దానిలో నాకు నచ్చినవి రెండు. ఈ సైటులో ఆపు అన్నప్పుడు ఒక్కసారికా, ఎప్పటికీనా అని అడుగుతుంది. ఒక్కసారికి అని ఎంచుకుంటే మర్చిపోయే ప్రమాదం లేదు. మామయ్య ఇంట్లో జరిగిన కథకు మందు అదే. రెండోది, యూట్యూబ్‌లో మొత్తం సైటును కాకుండా ఫలానా చానెల్‌ను మాత్రం వైట్‌లిస్ట్ చేసుకునే ఆప్షన్. ఇంట్లో వంటగదిలో ఫోను పెట్టుకుని వీడియోలు చేసే అమ్మలకు, పొలం గట్టు మీద నిలబడి వ్యవసాయం చెప్పే రైతులకు నాలుగు రూపాయలు చేరాలనుకుంటే పనికొచ్చే పద్ధతి ఇది.

యాడ్‌గార్డ్: తిరగేసిన జాబితా

యాడ్‌గార్డ్ ఎక్స్‌టెన్షన్లో మామూలు అలౌలిస్ట్ ఉంది, సొంత నియమాలున్నాయి, సెర్చ్ ప్రకటనలనూ సైట్ల సొంత ప్రచారాన్నీ అనుమతించే మీట విడిగా ఉంది. దాన్ని ఒకసారి చూసుకుని మీకు కావలసినట్టు పెట్టుకోండి. దీని ప్రత్యేకత జాబితాను తిరగేయడం. తిరగేస్తే, జాబితాలో ఉన్న సైట్లలోనే బ్లాకింగ్ జరుగుతుంది, మిగతా లోకమంతా అలాగే వదిలేస్తుంది. ఆఫీసు పనికి రోజంతా కంపెనీ సొంత అప్లికేషన్లు తెరిచి ఉంచుకునేవాళ్లు, విసిగించే రెండు మూడు వార్తా సైట్లలో మాత్రం బ్లాకర్ కావాలనుకుంటే ఇది హాయి. పెద్దవాళ్ల కంప్యూటర్లో ఏదీ చెడదు కదా అని ఇది పెడదామని కొందరు అడుగుతారు. వద్దు. వాళ్లకు ప్రమాదం వచ్చేది రోజూ చూసే సైటు నుంచి కాదు, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కితే తెరుచుకునే కొత్త సైటు నుంచి. తిరగేసిన జాబితాలో కాపలా లేనిది సరిగ్గా అక్కడే.

మరి ఎవరికి ఏది

బ్లాకర్ పెట్టి మర్చిపోదామనుకునేవాళ్లు, క్రోమ్ వదలనివాళ్లు లైట్ పెట్టుకోండి, మొరాయించిన సైటును బేసిక్‌కు దించి చూడండి. సరిగ్గా ఎక్కడ చెడిందో వెతికి ఆ ఒక్క ఊచ తీయాలనుకునే ఓపిక ఉంటే ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్. నేను నా కంప్యూటర్లోనూ ఫోన్లోనూ వాడేది ఇదే, ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. యూట్యూబ్ చానెళ్లకు మద్దతు మీకు ముఖ్యమైతే యాడ్‌బ్లాక్ చూడండి, యాక్సెప్టబుల్ యాడ్స్ సంగతి మీరే తేల్చుకుని. యాడ్‌గార్డ్ తిరగేసిన జాబితా, నేను చెప్పిన ఆ ఆఫీసు అవసరానికి.

మద్దతు విషయంలో ఇంకో మాట. "యాడ్ బ్లాకర్ ఆపితేనే చదవనిస్తాం" అని అడ్డం నిలబడే సైటుకు మద్దతు ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. తెర మూసి వెళ్లిపోవడం కూడా ఒక ఎంపికే. అడగకుండా మంచి రాత ఇచ్చేవాళ్లను మీరే గుర్తుపెట్టుకుని, వాళ్ల సైటును పూర్తిగా వైట్‌లిస్ట్ చేయండి, పవర్ బటన్‌తోనే. వాళ్లు చందా తీసుకుంటుంటే, యూపీఐ నంబరు ఇచ్చి ఉంటే అది ఇంకా మంచిది. ప్రకటన చూస్తే వాళ్లకు చేరేది పైసల్లో, చందా రూపాయల్లో చేరుతుంది. పైగా మీ వెంట ట్రాకర్లు పడవు. ఫైర్‌ఫాక్స్‌లో ఒక సైటు మన బ్రౌజర్‌లో దాచే గుర్తులు, అంటే కుకీలు, ఇంకో సైటుకు కనబడకుండా విడదీసే రక్షణ 2022 నుంచి అందరికీ ముందే ఆన్‌లో ఉంటోంది. వైట్‌లిస్ట్ చేసిన సైటులో కూడా అది పనిచేస్తుంది కాబట్టి, మద్దతు కోసం తలుపు తీసేవాళ్లకు అక్కడ కొంత నిశ్చింత.

ఏ బ్లాకర్ ఎంచుకున్నా, జాబితాను ఏడాదికి రెండుసార్లయినా తెరిచి చూడండి. సైట్లు చేతులు మారుతాయి. రెన్యూ చేయని డొమైన్‌ను ఇంకెవరో కొనుక్కుంటారు. మీ జాబితాలో మాత్రం ఆ పేరు నమ్మకస్తుడిలా కూర్చునే ఉంటుంది. యూబ్లాక్ ఆరిజిన్ ట్రస్టెడ్ సైట్స్ ట్యాబ్‌లో # తో మొదలయ్యే పంక్తిని అది పట్టించుకోదు, కాబట్టి ప్రతి పేరునూ అలాంటి పంక్తిలో పేర్కొని, ఎందుకు చేర్చారో, ఎప్పుడు చేర్చారో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. బ్యాకప్ ఫైల్లో ఆ జాబితా కూడా వెళ్తుంది, కొత్త లాప్‌టాప్‌కు మారినా పోదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మామయ్య పక్కన కూర్చుని ఆయన జాబితా అలాగే తయారు చేశాం. ముందునుంచీ ఉన్న యూబ్లాక్ సొంత పంక్తులు కాక మేం చేర్చినవి నాలుగే. కరెంటు బిల్లు గేట్‌వే, బ్యాంకు ఓటీపీ పేజీ, ఆయన రోజూ పొద్దున్నే చదివే ఒక పద్యాల బ్లాగు, మనవరాలి స్కూలు ఫీజు పేజీ. నాలుగోదాని కోసం ఆయనే నెమ్మదిగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో టైపు చేశారు: # ఫీజు కట్టాక తీసేయాలి, జూన్.